ప్రాంతీయ ఆర్ట్ గ్యాలరీలో ప్రదర్శన ఎలా ఏర్పాటు చేయాలి

ఒక ప్రాంతీయ పబ్లిక్ గ్యాలరీలో ప్రదర్శన బాధ్యత మీ చేతికి వచ్చిందనుకుందాం. మీరు అక్కడి ఉద్యోగి కావచ్చు, కళాకారుల సంఘం తరఫున హాలు తీసుకున్నవారు కావచ్చు, వాలంటీరుగా చేరితే "ఈసారి మీరే చూసుకోండి" అని అప్పగించి ఉండవచ్చు. పెద్ద మ్యూజియంలో ఈ పనికి క్యూరేటర్ (ఏం చూపాలో ఎంచేవారు), రిజిస్ట్రార్ (రాకపోకల లెక్కలు, కాగితాలు చూసేవారు), కన్సర్వేటర్ (బొమ్మలు పాడవకుండా చూసి బాగుచేసేవారు), లైట్లు చూసేవాళ్లు, బొమ్మలు తగిలించేవాళ్లు వేర్వేరుగా ఉంటారు. చిన్న గ్యాలరీలో ఇద్దరు ముగ్గురే అన్నీ చేసుకోవాలి. అందుకే ఏది ముందు, ఏది తర్వాత అన్న వరస తెలిసి ఉంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

మొదలుపెట్టే ముందు ఒక మనిషిని మనసులో పెట్టుకోండి. ఆర్ట్ గ్యాలరీలో మొదటిసారి అడుగుపెడుతున్న మనిషి. వాన పడుతుంటే తలదాచుకోడానికి వచ్చారో, పిల్లలు చెయ్యి పట్టుకుని లాక్కొచ్చారో, మొత్తానికి గుమ్మం దగ్గర నిలబడి "ఇక్కడ నాకేం అర్థమవుతుంది" అని తటపటాయిస్తున్నారు. కళ గురించి బాగా తెలిసినవాళ్లు మంచి బొమ్మ ఎక్కడున్నా వెతుక్కుని వెళ్తారు. ప్రాంతీయ గ్యాలరీ అవసరం ఎక్కువగా ఉన్నది ఈ కొత్త మనిషికే. కింద చెప్పే ఏ దశలో సందేహం వచ్చినా, వారికి ఏది మేలు అని ఆలోచించండి. చాలాసార్లు అక్కడే జవాబు దొరుకుతుంది.

ముందు గది, తర్వాతే జాబితా

చాలామంది ముందుగా బొమ్మల జాబితా రాసుకుని, ఆ తర్వాత గోడల వైపు చూస్తారు. మీరు గదితో మొదలుపెట్టండి. ఖాళీ గదిలో ఒక పూట గడపండి. కొలత టేపు, పెన్సిలు, గళ్ల కాగితం చాలు. ప్రతి గోడ పొడవు, ఎత్తు రాసుకోండి. తలుపులు, కిటికీలు, స్విచ్చు బోర్డులు, మంటలార్పే సిలిండర్లు, ఏసీ గాలి నేరుగా తగిలే చోట్లు, చెమ్మ దిగిన మూలలు అన్నీ గుర్తు పెట్టండి. గోడ దేనితో కట్టారో తట్టి చూడండి. ఇటుక గోడైతే డ్రిల్లు చేసి ప్లగ్గు పెట్టి స్క్రూ బిగించాలి. ప్లైవుడ్ అయితే స్క్రూ నేరుగా దిగుతుంది. జిప్సం బోర్డు అయితే బరువు మోసే యాంకర్లు విడిగా తెచ్చుకోవాలి. ఈ తేడా తగిలించే రోజు తెలిస్తే అప్పటికప్పుడు సామాను కోసం పరుగెత్తాల్సి వస్తుంది.

బయటి వైపు గోడలకు మిగతావాటికన్నా బయటి వాతావరణం, చెమ్మ ఎక్కువగా తగులుతాయి. కాగితం మీద వేసిన బొమ్మలకు అవి మంచివి కావు. వేరే దారి లేకపోతే ఫ్రేము వెనక నాలుగు మూలలా చిన్న బిరడా ముక్కలు అంటించి, గోడకూ ఫ్రేముకూ మధ్య గాలి ఆడేలా చేయండి.

ఉష్ణోగ్రతనూ తేమనూ చూపే చిన్న మీటరు ఒకటి ప్రదర్శనకు కనీసం నెల ముందే గదిలో పెట్టి, పొద్దునా సాయంత్రం రీడింగు రాయండి. బొమ్మలు అరువిచ్చే సంస్థలు ఈ రోజుల్లో ఎక్కువగా అడిగే హద్దులు 16 నుంచి 25 డిగ్రీల సెల్సియస్, 40 నుంచి 60 శాతం సాపేక్ష తేమ. అంకె ఎంతన్నదానికన్నా అది ఒక్క రోజులో ఎంత ఊగుతోందన్నదే నేను ఎక్కువగా చూస్తాను. పగలు ఏసీ వేసి రాత్రి ఆపేస్తే చెక్క, కాన్వాసు రోజూ సాగి ముడుచుకుంటాయి, రంగు పొర పగులుతుంది. తేమ 65 శాతం దాటి రోజుల తరబడి నిలిచిపోతే బూజుకు ఆహ్వానం పలికినట్టే. ఏసీని పగలు మాత్రమే వేయగలిగితే, అసలు వేయకుండా కిటికీలు, తలుపులు మూసి గదిని నిలకడగా ఉంచడం చాలా బొమ్మలకు క్షేమం.

ఇక గుమ్మంలో నిలబడండి. లోపలికి అడుగుపెట్టకముందే ఎదురుగా కనిపించే గోడ ఏది? జాబితాలో అన్నిటికన్నా మంచి బొమ్మను ఆ గోడకు ఇవ్వాలి. మన కొత్త మనిషి లోపలికి రావాలా వెనక్కి తిరగాలా అన్నది నిర్ణయించుకునేది దాన్ని చూసే.

ఒక ప్రశ్న ఎంచుకోండి

"సేకరణ నుంచి ఎంపిక చేసిన చిత్రాలు" అనే పేరుతో ప్రపంచంలో ఎన్ని ప్రదర్శనలు జరుగుతాయో లెక్కలేదు. చూసేవాళ్లకు ఆ పేరు ఏమీ చెప్పదు. దాని బదులు ఒక ప్రశ్న పెట్టుకోండి. నీళ్లను చిత్రకారులు ఎలా వేశారు? పని చేస్తున్న చేతులు ఏయే బొమ్మల్లో ఉన్నాయి? ఒకే చోటును యాభై ఏళ్ల తేడాతో ఇద్దరు వేస్తే ఏం మారింది? ప్రశ్న ఉంటే ఏ బొమ్మ ఉండాలో, ఏది ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టాలో తేలిపోతుంది. మీ ప్రదర్శన దేని గురించో కళతో సంబంధం లేని స్నేహితుడికి ఒక్క వాక్యంలో చెప్పి చూడండి. "ఓహో, అయితే చూడాలి" అన్నారంటే ప్రశ్న దొరికినట్టే. "అలాగా" అని ఊరుకున్నారంటే ఇంకా వెతకాలి.

బొమ్మల కోసం ముందు సొంత స్టోర్ రూములోకి వెళ్లండి. సేకరణ ఉన్న గ్యాలరీల్లో చాలావాటికి ఏ సమయంలోనైనా గోడ మీద ఉండేది కొద్ది భాగమే, మిగతాదంతా అరల్లో ఉంటుంది. అక్కడున్న వాటికి అరువు ఒప్పందం అక్కర్లేదు, రవాణా అక్కర్లేదు. పైగా అవి అక్కడి జనం సొత్తు. వాటిని వెలుగులోకి తెచ్చి వారికి చూపించడం గ్యాలరీ మొదటి కర్తవ్యమని నేను గట్టిగా నమ్ముతాను.

ఎన్ని పెట్టాలి? నేను పాటించే కొలత ఒకటుంది: ఫ్రేములతో సహా బొమ్మల వెడల్పులన్నీ కలిపితే, వాడుకోగల గోడ పొడవులో సగం దాటకూడదు. మిగతా సగం ఖాళీగా ఉండాలి. జాబితా రాశాక దాన్నుంచి అయిదో వంతు తీసేయడానికి సిద్ధపడండి. బొమ్మలిచ్చిన వాళ్లు నొచ్చుకుంటారేమో అనిపిస్తుంది. కానీ ఇరుకున పెట్టిన బొమ్మను ఎవరూ సరిగా చూడరు, అది ఆ కళాకారుడికి ఇంకా పెద్ద నష్టం.

అరువు, కాగితాలు

ఇతరుల దగ్గర బొమ్మ తీసుకోవాలంటే వీలైనంత ముందే ఉత్తరం రాయండి. పెద్ద సంస్థలు ఆరు నెలల నుంచి ఏడాది గడువు అడుగుతాయి. మీ భవనం గురించి ఒక నివేదిక కూడా అడుగుతారు. తాళాలు, రాత్రి కాపలా, అగ్నిమాపక ఏర్పాట్లు, తేమ రీడింగులు, లైట్లు ఎలా ఉన్నాయో అందులో ఉండాలి. నెల ముందు మీటరు పెట్టి రాసిన కాగితం ఇక్కడ అక్కరకొస్తుంది.

ఒప్పందంలో ఈ విషయాలు తప్పనిసరిగా ఉండాలి: బొమ్మ వివరాలు, ఎప్పటినుంచి ఎప్పటివరకు, రవాణా ఖర్చు ఎవరిది, బొమ్మ విలువ ఎంతని ఒప్పుకున్నారు, ఇన్సూరెన్స్ ఎవరు తీసుకుంటారు. ఆ ఇన్సూరెన్స్ యజమాని గోడ మీద నుంచి దించిన క్షణం మొదలై, తిరిగి అదే గోడకు చేరేదాకా ఉండాలి. గ్యాలరీలో ఉన్న రోజులకే తీసుకుంటే, ఎక్కువ ప్రమాదం ఉండే ప్రయాణం బయటే మిగిలిపోతుంది. ఫోటోల అనుమతి కూడా విడిగా రాయించుకోండి. బొమ్మ యజమాని ఒకరు, కాపీరైట్ ఉన్నవారు మరొకరు కావచ్చు. పోస్టరు మీద బొమ్మ అచ్చు వేయాలంటే రెండోవారిని అడగాల్సిందే.

బొమ్మలు చేరిన రోజు

పెట్టె రాగానే విప్పాలనిపిస్తుంది. ఆగండి. బయటి వాతావరణానికీ గదికీ తేడా ఉంటుంది కాబట్టి, పెట్టెను 24 గంటలు అదే గదిలో మూసి ఉంచడం ఆనవాయితీ.

విప్పేటప్పుడు ఇద్దరుండాలి. ఉంగరాలు, గడియారం, వేలాడే ఐడీ కార్డు, బెల్టు బకిల్ తీసి పక్కన పెట్టండి. గదిలో పెన్నులొద్దు, పెన్సిల్ మాత్రమే. ఒకసారి ఒకే బొమ్మ ఎత్తండి. ఒక చెయ్యి కింద, ఒక చెయ్యి పక్కన వేసి మోయాలి. ఫ్రేము పై పట్టీ పట్టుకుని ఎత్తితే మూలలు ఊడిపోయే ప్రమాదం ఉంది. బంగారు పూత ఉన్న ఫ్రేములకు, లోహ వస్తువులకు నైట్రైల్ గ్లౌజులు వేసుకోండి. విడి కాగితాలకైతే శుభ్రంగా కడిగి ఆరబెట్టుకున్న చేతులే మేలు, గ్లౌజులతో కాగితం అంచు సరిగా తెలియదు.

అద్దం బిగించిన ఫ్రేములకు ప్రయాణంలో అద్దం మీద అడ్డంగా, ఐమూలగా టేపు అంటిస్తారు. అద్దం పగిలినా ముక్కలు బొమ్మ మీద పడవు. వచ్చాక ఆ టేపును నిదానంగా తీసేయండి. ఆక్రిలిక్ షీటు ఉన్నవాటికి టేపు అస్సలు వేయకూడదు, మరకలూ గీతలూ పడతాయి. ఇంకో మాట: బబుల్ ర్యాప్ బుడగలు రంగు పొరకు నేరుగా ఆనకూడదు. ముఖ్యంగా ఆక్రిలిక్ రంగులు వేడికి మెత్తబడి, బుడగల అచ్చు శాశ్వతంగా పడిపోతుంది. మధ్యలో మెత్తటి ఆమ్లరహిత కాగితం ఉండాలి.

తర్వాత ఒక్కో బొమ్మకు ఒక స్థితి నివేదిక రాయండి. ముందూ వెనకా ఫోటో తీసి, ప్రింటు మీదే పెన్సిలుతో గుర్తులు పెట్టడం తేలిక. పగుళ్లు, పొలుసులుగా లేచిన రంగు, చిరుగులు, తుప్పు రంగు మచ్చలు, బూజు, ఫ్రేములో ఊడిన ముక్కలు, ఏది కనిపించినా ఎక్కడుందో కొలతతో రాయండి. టార్చిని పక్క నుంచి, బొమ్మకు దాదాపు సమాంతరంగా పట్టి చూస్తే ఎదురు వెలుతురులో కనపడని ఉబ్బులు, లేచిన రంగు బయటపడతాయి. అరువిచ్చిన వారి మనిషి ఉంటే ఇద్దరూ సంతకం చేయాలి. ఈ పని విసుగ్గా ఉంటుంది. కానీ మూడు నెలల తర్వాత "ఈ గీత మీ దగ్గరే పడింది" అన్న మాట వస్తే, మీ తరఫున మాట్లాడేది ఆ కాగితమే.

నేల మీద వరస

గోడకు మేకు దిగకముందే వరస తేలిపోవాలి. రెండు దశల్లో చేయండి. ముందుగా అట్టతో గది నమూనా, 1:20 నిష్పత్తిలో. అంటే మీటరుకు అయిదు సెంటీమీటర్లు, 90 సెంటీమీటర్ల బొమ్మ నాలుగున్నర సెంటీమీటర్ల ముక్క. బొమ్మల ఫోటోలు ఆ సైజులో ప్రింటు తీసి అట్ట గోడల మీద జరుపుతూ చూడండి. రెండో దశలో అసలు బొమ్మలను గదిలోకి తెచ్చి, గోడల వెంట మెత్తటి దిమ్మల మీద ఆనించి వరసగా నిలబెట్టండి. వాటిని నేరుగా నేలకు ఆనించొద్దు.

ఈ రెండో దశకు ఎక్కువ సమయం ఉంచుకోండి, ప్రదర్శన నిజంగా తయారయ్యేది ఇక్కడే. ఫోటోల్లో పక్కపక్కన బాగున్న రెండు బొమ్మలు అసలు సైజులో ఒకదాన్నొకటి మింగేస్తాయి. ముదురు ఎరుపున్న పెద్ద కాన్వాసు పక్కన చిన్న పెన్సిల్ గీత చిత్రం పెడితే దాన్ని ఎవరూ చూడరు. అదే గీత చిత్రాన్ని మూల తిరగ్గానే ఒంటరిగా పెడితే, దాని దగ్గరికి వెళ్లి వంగి చూస్తారు. బొమ్మల్లోని మనుషులు ఎటు చూస్తున్నారో గమనించండి. గోడ చివర ఉన్న ముఖం బయటికి చూస్తుంటే చూసేవారి కళ్లు గోడ దాటి వెళ్లిపోతాయి, లోపలికి చూస్తుంటే పక్క బొమ్మ మీదకు వస్తాయి. కాలక్రమం ముఖ్యమని మరీ పట్టుబట్టకండి. రెండు బొమ్మలు పక్కన చేరితే రెండిట్లోనూ కొత్తగా ఏదో కనపడాలి. ఆ జతలు దొరికేదాకా జరుపుతూనే ఉండండి.

వరస తేలాక ఒక రాత్రి అలా వదిలేసి, మర్నాడు గుమ్మం నుంచి కొత్తగా నడిచి చూడండి. తప్పకుండా ఏదో ఒకటి మారుస్తారు.

తగిలించడం

ఎంత ఎత్తులో? బొమ్మ మధ్య బిందువు నేల నుంచి 145 నుంచి 152 సెంటీమీటర్ల మధ్య ఉండటం ఇప్పుడు చాలా గ్యాలరీల వాడుక. నేను 145 వైపే మొగ్గుతాను. పిల్లలకూ చక్రాల కుర్చీలో వచ్చేవారికీ ఆ ఏడు సెంటీమీటర్లు చాలా తేడా చేస్తాయి. ఏది ఎంచుకున్నా గదంతా ఒకటే ఉంచండి.

ఎత్తు గురించి ఇంత పట్టింపు ఎందుకంటారా? లండన్‌లో కళాకారుల సంస్థ రాయల్ అకాడమీ 1780 నుంచి సోమర్‌సెట్ హౌస్ గ్రేట్ రూములో ప్రదర్శనలు పెట్టేది. నేల నుంచి పైకప్పు దాకా బొమ్మలు కిక్కిరిసి ఉండేవి. గోడ చుట్టూ ఎనిమిది అడుగుల ఎత్తున ఒక పట్టీ ఉండేది, దాన్ని ఆనుకుని చోటు దొరకడం చిత్రకారులకు పెద్ద గౌరవం. చిత్రకారుడు థామస్ గెయిన్స్‌బరో తన చిత్రాన్ని ఇంకా కిందికి, సున్నితమైన పనితనం కనిపించేలా పెట్టమని అడిగాడు. వాళ్లు ఒప్పుకోకపోవడంతో 1784లో తన బొమ్మలన్నీ వెనక్కి తీసుకున్నాడు, మళ్లీ అక్కడ ఎప్పుడూ ప్రదర్శించలేదు. వేసిన మనిషికి తన బొమ్మను ఎంత దూరం నుంచి, ఎంత ఎత్తులో చూడాలో తెలుసు. మీ ప్రదర్శనలోని కళాకారులు మీకు అందుబాటులో ఉంటే తప్పకుండా అడగండి.

కొక్కెం ఎత్తు లెక్క ఇలా వేస్తారు:

1. మధ్య బిందువు ఎత్తు తీసుకోండి, ఉదాహరణకు 150 సెం.మీ.
2. ఫ్రేము ఎత్తులో సగం కలపండి. ఫ్రేము 80 సెం.మీ. అయితే 40. మొత్తం 190.
3. వెనక వైరును కొక్కెం తగిలే చోట పైకి గట్టిగా లాగి పట్టి, ఫ్రేము పై అంచు నుంచి ఆ చోటికి ఎంత దూరమో కొలవండి. 7 సెం.మీ. అనుకుంటే దాన్ని తీసేయండి.
4. వచ్చిన 183 సెం.మీ. దగ్గర గోడ మీద పెన్సిలుతో సన్నగా గుర్తు పెట్టండి.

ప్రతి బొమ్మకూ రెండు కొక్కేలు వాడండి. ఒక్కదానికే వేలాడితే జనం నడిచే అదురుకు కూడా వంకర పోతుంది. వైరు లేకుండా ఫ్రేముకు రెండు వైపులా బిగించిన డి-రింగులకే (డి ఆకారపు లోహపు రింగులు) తగిలిస్తే ఇంకా నిలకడ. అప్పుడు మూడో అంకెలో పై అంచు నుంచి రింగు దాకా ఉన్న దూరం వేసుకోవాలి.

మధ్య ఖాళీల లెక్క కూడా ఇంతే సులువు. గోడ 840 సెం.మీ., అయిదు బొమ్మల వెడల్పులు 60, 90, 120, 90, 60. మొత్తం 420, మిగిలింది 420. ఆరు ఖాళీలకు సమానంగా పంచితే 70 చొప్పున వస్తుంది. నాకైతే రెండు చివర్లా కొంచెం ఎక్కువ వదిలితే గోడ కుదురుగా కనిపిస్తుంది: లోపలి నాలుగు ఖాళీలు 60, రెండు చివర్లా 90. మధ్య బొమ్మతో మొదలుపెట్టి అటూ ఇటూ వెళ్లండి. ప్రతిదీ రసమట్టంతో సరిచూడండి, తర్వాత పది అడుగులు వెనక్కి నడిచి కంటితోనూ చూడండి. పాత భవనాల్లో నేల ఒకవైపు వాలి ఉంటుంది. అలాంటి గదిలో ప్రతి బొమ్మకూ నేల నుంచి కొలిస్తే వరస మొత్తం వాలిపోతుంది. కాబట్టి గోడ పొడవునా దారంతో ఒక మట్టం గీత వేసుకుని దాన్నుంచి కొలవాలి.

వెలుతురు

ప్రదర్శనను నిలబెట్టేదీ వెలుతురే, బొమ్మలను నెమ్మదిగా చంపేదీ వెలుతురే. వెలిసిపోయిన రంగును ఏ కన్సర్వేటరూ వెనక్కి తేలేరు. లక్స్ మీటరు ఒకటి సంపాదించండి, బొమ్మ మీద పడే వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు. నీటిరంగులు, ప్రింట్లు, ఫోటోలు, బట్ట మీద పనులకు 50 లక్స్ హద్దు. తైలవర్ణ, ఆక్రిలిక్ చిత్రాలకు దాదాపు 200. రాయి, లోహం, కాల్చిన మట్టి ఎక్కువ తట్టుకుంటాయి. అతినీలలోహిత కిరణాలు ఒక్కో ల్యూమెన్‌కు (వెలుగు ప్రమాణం) 75 మైక్రోవాట్లు మించకూడదంటారు. మంచి ఎల్‌ఈడీ లైట్లలో అవి దాదాపు ఉండవు, పగటి వెలుగులో మాత్రం పుష్కలం. నేరుగా పడే ఎండ లక్ష లక్స్ దాకా ఉండగలదు. కిటికీలకు మందపాటి పరదా గానీ, ఆ కిరణాలను ఆపే ఫిల్ము గానీ తప్పదు.

నష్టం పోగవుతుందన్నది మరిచిపోవద్దు. 50 లక్స్ దగ్గర రోజుకు 8 గంటల చొప్పున 90 రోజులుంటే 36,000 లక్స్ గంటలు. అదే బొమ్మను 200 లక్స్ కింద పెడితే 1,44,000. రెండో లెక్కలో బొమ్మ నాలుగు రెట్లు వయసు కోల్పోతుంది. ఎడిన్‌బరోలోని స్కాట్లండ్ జాతీయ గ్యాలరీకి హెన్రీ వాన్ అనే సేకర్త ఆంగ్ల చిత్రకారుడు టర్నర్ నీటిరంగు చిత్రాలు 38 రాసిచ్చి, వాటిని జనవరిలో మాత్రమే చూపాలని షరతు పెట్టాడు. అక్కడ ఏడాది మొత్తంలో వెలుతురు బలహీనంగా ఉండే రోజులవి. 1900లో గ్యాలరీకి చేరిన ఆ చిత్రాలు ఇన్నేళ్ల తర్వాత కూడా రంగు పోకుండా ఉన్నాయి. మీ ప్రదర్శన ఎక్కువ నెలలు నడిచేదైతే, సున్నితమైన కాగితపు బొమ్మలను సగం గడువుకు దించి వేరేవి పెట్టే ఏర్పాటు ముందే చేసుకోండి.

కానీ 50 లక్స్ గదిలోకి బయటి ఎండ నుంచి నేరుగా వస్తే ఎవరికైనా చీకటిగా అనిపిస్తుంది. పెద్ద వయసువారికి మరీ ఇబ్బంది. మన కొత్త మనిషి అక్కడే చిరాకు పడిపోకూడదు. గుమ్మం దగ్గర మధ్యస్తమైన వెలుగు, తర్వాత కొంచెం తక్కువ, కాగితపు బొమ్మలు ఆ లోపల, ఇలా మెట్లు మెట్లుగా తగ్గించండి. కళ్లు అలవాటు పడ్డాక 50 లక్స్ చాలినంత ఉంటుంది. గోడ రంగు మరీ తెల్లగా లేకపోవడం కూడా సాయపడుతుంది, మసక బూడిద రంగు గోడ మీద తక్కువ వెలుతురులోనూ బొమ్మ వెలుగుతుంది.

లైటును పైనుంచి నిట్టనిలువు గీతకు సుమారు 30 డిగ్రీల వంపులో బొమ్మ మీద పడేలా తిప్పండి. ఇంకా నిలువుగా ఉంటే ఫ్రేము నీడ బొమ్మ మీద పడుతుంది. ఇంకా వాల్చితే అద్దంలో లైటూ, చూసేవారి నీడా కనిపిస్తాయి. రంగులు నిజంగా కనపడాలంటే లైటు పెట్టె మీద సీఆర్ఐ (రంగులను ఎంత సరిగా చూపుతుందో తెలిపే అంకె) 90 పైన ఉందో లేదో చూసుకోండి.

లేబుళ్లు

కొత్తగా వచ్చినవారితో గ్యాలరీ మాట్లాడేది లేబుల్ ద్వారానే. దురదృష్టవశాత్తూ ఎక్కువ నిర్లక్ష్యం జరిగేది కూడా ఇక్కడే, ప్రారంభోత్సవం ముందు రాత్రి హడావిడిగా రాస్తారు. నెల ముందే మొదలుపెట్టండి.

పై భాగంలో కళాకారుల పేరు, బొమ్మ పేరు, సంవత్సరం, దేనితో దేని మీద వేశారు, ఎవరి సేకరణ. ఇవి అన్ని లేబుళ్లలో ఒకే వరసలో ఉండాలి. దాని కింద వివరణ. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో సందర్శకులను గమనించి 2001లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక్కో చిత్రం ముందు జనం గడిపింది సగటున 27 సెకన్లని, సగం సందర్భాల్లో 17 సెకన్లకు మించలేదని తేలింది. ఆ కొద్ది సమయంలో పేరా తర్వాత పేరా పెడితే బొమ్మను చూడటానికి ఏం మిగులుతుంది? వివరణ నలభై మాటలు దాటకుండా చూడండి. గది మొదట్లో పెట్టే పెద్ద పరిచయ ఫలకానికి నూట ఇరవై చాలు.

ఏం రాయాలి? "ఈ చిత్రంలో కళాకారుడు అస్తిత్వ వేదనను, కాల ప్రవాహాన్ని అద్భుతంగా ఆవిష్కరించారు" లాంటి వాక్యం ఏ బొమ్మ కిందైనా పెట్టొచ్చు, అందుకే అది దేనికీ పనికిరాదు. ఓ రేవు దృశ్యం నీటిరంగుల్లో ఉందనుకోండి, ఇలా రాసి చూడండి:

"కుడివైపు పడవలో కూర్చున్న మనిషి చొక్కా చూడండి. అక్కడ తెల్ల రంగు వేయలేదు, కాగితాన్నే వదిలేశారు. నీటిరంగుల్లో వెలుగును చాలాసార్లు ఇలాగే తెస్తారు. బొమ్మలో ఇంకా ఎక్కడెక్కడ కాగితం వదిలారో వెతకండి."

ఇది చదివినవారు లేబుల్ వదిలి మళ్లీ బొమ్మ వైపు తిరుగుతారు. వాళ్ల పక్కనున్న పిల్లలు కూడా వెతకడం మొదలుపెడతారు. రాసిన ప్రతి లేబుల్‌కూ ఈ పరీక్ష పెట్టండి: బొమ్మ ముందు నిలబడి చూస్తే కనపడే దేన్నైనా ఇది చూపిస్తోందా? పరిభాష వాడక తప్పకపోతే అక్కడే విడమరచండి. ఎచింగ్ అని రాస్తే, రాగి లేదా జింకు రేకును ఆమ్లంతో తొలిచి అచ్చు తీసే పద్ధతి అని కొన్ని మాటలు కలపండి.

అక్షరాలు 18 పాయింట్లకు తగ్గకూడదు. తెలుగులో ఒత్తులు కిందికి, గుడులు పైకి వస్తాయి కాబట్టి 22 పాయింట్లు, వరసల మధ్య బాగా ఎడం పెడితే చదవడం సుఖం. తెల్లటి లేదా లేత నేపథ్యం మీద నల్లటి అక్షరాలు, మెరుపు లేని కాగితం. నేల నుంచి 120–140 సెం.మీ. ఎత్తులో, అన్ని బొమ్మలకూ ఒకే వైపు అంటించండి. అంటించే ముందు సంబంధం లేని ఇద్దరి చేత చదివించండి. పేర్లలో అచ్చుతప్పు దొర్లితే ఆ కళాకారుల కుటుంబం ముందు తల ఎత్తుకోలేం.

దారి, కూర్చునే చోటు

నడిచే దారి ఎక్కడా 90 సెం.మీ. కన్నా ఇరుకు కాకూడదు. చక్రాల కుర్చీ పూర్తిగా తిరగాలంటే 150 సెం.మీ. కావాలి. గోడ నుంచి 10 సెం.మీ. కన్నా బయటికి పొడుచుకొచ్చిన అర గానీ శిల్పం గానీ మోకాలి పైఎత్తులో ఉంటే, చేతికర్రతో నడిచే చూపులేనివారికి అది కర్రకు తగలదు, ఒంటికే తగులుతుంది. దాని కింద నేల మీద ఏదైనా అడ్డు ఉంచండి. బెంచీలు పెట్టండి, అదీ మంచి బొమ్మల ఎదురుగా. కూర్చునే చోటు దొరికితే ఎక్కువసేపు చూస్తారు.

గది సిబ్బందికి మొదటి ప్రదర్శన

ప్రారంభోత్సవానికి ముందు రోజు, గదిలో కాపలా ఉండేవారిని, టికెట్ కౌంటర్ దగ్గరివారిని, శుభ్రం చేసేవారిని పిలిచి మొత్తం తిప్పి చూపించండి. ఒక్కో బొమ్మ ఎందుకు ఎంచుకున్నారో చెప్పండి, వాళ్లకు ఏది నచ్చిందో అడగండి. సందర్శకులు మొదటి ప్రశ్న అడిగేది వాళ్లనే. "ముట్టుకోకండి" అని గద్దించే మనిషికీ, "చేతి నూనె తగిలితే రంగు పాడవుతుందండీ, ఇటు నుంచి చూడండి, ఇంకా బాగా కనిపిస్తుంది" అని చెప్పే మనిషికీ మధ్య తేడా ఈ ఒక్క గంటే. తుడిచేవాళ్లకు ఏ గోడ దగ్గర తడిగుడ్డ వాడకూడదో, ఏ స్ప్రే కొట్టకూడదో కూడా అప్పుడే చూపించాలి.

నడుస్తున్న రోజుల్లో, ముగిశాక

మొదటి వారంలో ఒక గంట గదిలో మూలన కూర్చుని చూడండి. జనం ఎక్కడ ఆగుతున్నారు, ఏ గోడను దాటేస్తున్నారు, ఏ లేబుల్ దగ్గర కళ్లు చికిలించి ముందుకు వంగుతున్నారు. లేబుల్ మార్చడం, లైటు తిప్పడం, బెంచీ జరపడం అప్పటికీ మీ చేతుల్లోనే ఉంటుంది. రోజూ తెరిచేముందు ఒక చుట్టు తిరిగి బొమ్మలు లెక్క చూసుకోండి, తేమ రీడింగు రాయండి.

దించే రోజు, తగిలించిన రోజంత నిదానం కావాలి. అలసట వల్లనేమో, దెబ్బలు ఈ రోజే ఎక్కువ తగులుతాయి. వచ్చినప్పటి స్థితి నివేదిక పక్కన పెట్టుకుని ప్రతి బొమ్మనూ అదే టార్చి వెలుతురులో మళ్లీ చూడండి, తేడా ఉంటే ఫోటో తీసి అదే రోజు యజమానికి తెలపండి. వచ్చిన పెట్టెలోనే, వచ్చిన పద్ధతిలోనే సర్దండి, అందుకే విప్పేటప్పుడు ప్యాకింగును కూడా ఫోటోలు తీసి ఉంచుకోవాలి. గోడ రంధ్రాలకు లప్పం పెట్టి, ఆరాక రుద్ది, రంగు వేయండి. రంగు డబ్బా మీది షేడ్ నంబరు, గోడల కొలతలు, లక్స్ రీడింగులు ఒకే ఫైల్లో పెడితే తర్వాత చేసేవారికి నెల పని తగ్గుతుంది. అరువు బొమ్మ అందినట్టు యజమాని సంతకంతో రసీదు చేతికొచ్చాకే దాని ఇన్సూరెన్స్ ముగించండి.